వెనక రేకు మీద రెండు దెబ్బలు

నా పేరు విశ్రాంతమ్మ. పేరు పెట్టిన పాస్టరు గారు మంచి మనసుతోనే పెట్టి ఉంటారు గానీ, ఆ పేరుకు తగ్గ రోజు నా బతుకులో ఒక్కటీ రాలేదు. మాది నేలకొండపల్లి పక్కన చిన్న పల్లె. మా ఆయన పోయాక అక్కడ కూలి దొరక్క, ఒక్కగానొక్క కొడుకు షాలేమ్‌రాజును వెంటబెట్టుకుని మణుగూరు వైపు వచ్చాను. ఒక కాంట్రాక్టరు కింద నాకు క్యాంటీన్‌లో అంట్లు తోమే పని, వాడికి బొగ్గు లోడింగు దగ్గర హెల్పరు పని దొరికాయి.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా విషయంలో ఆ పూజారి దారే. పని ఉన్నచోట గదుల కిరాయి మాబోటి వాళ్లకు అందదు. అడవి దాటి, వాగు దాటి, అవతల రేకుల గదుల వరసలో ఉంటాం. ఊరి బస్సు ఒకటుంది. పొద్దున మా షిఫ్టు మొదలయ్యాక వస్తుంది, సాయంత్రం మా షిఫ్టు విడవకముందే వెళ్లిపోతుంది. ఆ టైములు రాసినాయన ఎవరో గానీ ఎన్నడూ కూలికి పోయినవాడు కాడు. కంపెనీ పర్మనెంటు వాళ్ల తెల్ల బస్సు సగం సీట్లు ఖాళీగా మా గదుల ముందు నుంచే పోతుంది, మమ్మల్ని మాత్రం ఎక్కనివ్వరు. ఎద్దు పుండు కాకికి ముద్దా! గేటు దగ్గర వేలిముద్ర మిషను మాత్రం ఎవరి కోసమూ ఆగదు. కాస్త ఆలస్యమైతే సగం రోజు కోత, మళ్లీ మళ్లీ ఆలస్యమైతే గేటు పాసు గుంజుకుంటారు.

అందుకని మాకు మిగిలింది చందూలాల్ కిరాయికి తిప్పే ట్రాక్స్ జీపు బండి. చందూలాల్ తండా మనిషి, నవ్వుమొహం వాడు, నన్ను అక్కా అని పిలిచేవాడు. ఆ బండిని బండి అనడం కూడా దానికి మర్యాదే. తాళం పెట్టే బెజ్జం ఎప్పుడో విరిగిపోయింది, రెండు వైర్లు కలిపి స్టార్టు చేస్తాడు. ఆపాలన్నా అంతే, బానెట్టు ఎత్తి ఏదో పీకుతాడు. లోపల ఆడవాళ్లం ఒకళ్ల ఒళ్లో ఒకళ్లం. టాపు మీద మూటలు. వెనక మెట్టు మీద మగవాళ్లు వేలాడతారు. అద్దాల్లో అతనికి కనబడేది జనాల వీపులే.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. మెట్టు మీద చిట్టచివర ఎక్కిన మనిషి అరచేత్తో వెనక రేకును రెండుసార్లు కొట్టాలి. దబ్, దబ్. అంటే అందరూ ఎక్కారు, పోనీ అని. చందూలాల్ ఎన్నడూ తల తిప్పి చూసేవాడు కాదు. ఆ రెండు దెబ్బలు వినగానే అతని కాలు దానంతటదే ఎక్సలేటరు తొక్కేది. "నా కండ్లు వెనక రేకుకున్నయ్ అక్కా" అని నవ్వేవాడు.

వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున అందరం ఆలస్యమయ్యాం. చివరి మనిషి ఎప్పుడూ మాతో వచ్చే కూలి రవీందరే. ఆ రోజు అతని చెప్పు తెగింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు రోడ్డు మీద ఉంచి, చెప్పు కోసం వంగాడు. దబ్, దబ్ అని వినబడింది. బండి ఎగిరి ఉరికింది. రవీందర్ వెల్లకిలా పడ్డాడు. వెనక నుంచి వస్తున్న బొగ్గు టిప్పరు ఆపుకోలేక అతని తల మీదుగా పోయింది. నేను వెనక కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బొగ్గుపొడి రోడ్డు మీద నెత్తురు ఎర్రగా కనబడదు. తడిగా కనబడుతుంది, అంతే.

మరి ఆ రెండు దెబ్బలు కొట్టిందెవరు? మెట్టు మీద వాళ్లు మేం కాదన్నారు. లోపల వాళ్లం మేం కాదన్నాం. నా పక్కన కూర్చునే నాగక్క తన బిడ్డ మీద ఒట్టేసింది. నేను బైబిలు మీద చేయి పెట్టి చెప్పాను. ఆ పొద్దున బండిలో తొందర లేని మనిషి మాత్రం ఒక్కరూ లేరు. శవం దగ్గర ఇద్దరిని ఉంచి, మిగతావాళ్లం దారిన దొరికిన ఆటోలు పట్టుకుని పనికి వెళ్లిపోయాం.

ఇప్పుడు చెప్పబోయేది దాని తర్వాత కొన్ని వారాలకు జరిగింది.

ఆ సాయంత్రం షిఫ్టు విడిచేసరికి మబ్బు కమ్మి, గేటు ముందు లైట్లు అప్పుడే వెలిగించారు. వాన ఇంకా పడలేదు గానీ గాలిలో వాన వాసన ఉంది. చందూలాల్ బండి చుట్టూ ఎప్పటిలాగే తోపులాట. రవీందర్ పోయాక చివరి చోటుకు ఎవరూ ముందుకు రాలేదు. కొత్తగా చేరినవాడు, వయసులో చిన్నవాడు అని ఆ చోటు నా కొడుకు నెత్తిన రుద్దారు. నాకు అది మొదటి నుంచీ ఇష్టం లేదు. నాకున్నది వాడొక్కడే. వాడు వెనక మెట్టు మీద వేలాడుతుంటే నేను లోపల కూర్చుని చేసే ప్రార్థన విని విని దేవుడికి కూడా విసుగొచ్చి ఉంటుంది.

"ఒరేయ్, ఇయ్యాల లోపలికి రా. నా ఒళ్లె కూసో" అన్నాను.

వాడు సిగ్గుతో చచ్చిపోయాడు. "ఏందమ్మా నువ్వు! అందరు నవ్వుతరు."

"నవ్వితే పండ్లు కనపడ్తయ్. నీకేం పోయింది?"

నాగక్క నిజంగానే నవ్వింది. "ఇంత మీసమొచ్చినోన్ని ఒళ్లె కూసోబెట్టుకుంటవా వదినా? ఉగ్గు గూడ తెచ్చినవా?" నాగక్క నాతో పాటే క్యాంటీన్‌లో కూరలు తరుగుతుంది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది.

షాలేమ్‌రాజు వెనక్కి పోయి మెట్టు పట్టుకున్నాడు. అప్పుడే సువర్ణ పరుగెత్తుకుంటూ వచ్చింది. ఊడ్చే పని చేసే పిల్ల, ఎప్పుడూ ఆఖరి నిమిషంలోనే వస్తుంది. ఒక కాలు లోపల పెట్టింది, చేయి ఇంకా కమ్మీకి అందలేదు.

దబ్, దబ్.

బండి ఉరికింది. సువర్ణ కెవ్వున అరిచి వెనక్కి పడబోయింది. నాగక్క దాని జడ దొరకబుచ్చుకుని లోపలికి లాగింది. జడతో పాటు తల చర్మం కూడా ఊడిందేమో అన్నంత అరుపు అరిచింది ఆ పిల్ల. అందరం ఒక్కసారి షాలేమ్‌రాజు మీద పడ్డాం.

"కండ్లు దొబ్బినయా? పిల్ల ఎక్కనే లేదు!" అని నాగక్క కేకేసింది.

"నేను కొట్టలే అత్తా" అన్నాడు వాడు. మొహం పాలిపోయింది. "నా రెండు చేతులు కమ్మికే ఉన్నయ్. ఏసయ్య తోడు, నేను కొట్టలే."

ఎవరూ నమ్మలేదు. నేను నమ్మాను. వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఆ సాయంత్రం వాడి చెవులు ఎర్రబడలేదు.

అడవి మొదలయ్యే క్రాస్ రోడ్డు దగ్గర చాలామంది దిగిపోయారు. వాగు దాటే వాళ్లం కొద్దిమందిమే మిగిలాం. లోపల నేను, నాగక్క, సువర్ణ, వాచ్‌మన్ ఆదినారాయణ. ఆదినారాయణ పెద్దవాడు, మాట తక్కువ. సీట్లు ఖాళీ అయ్యాయి కాబట్టి షాలేమ్‌రాజు కూడా లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాడి చొక్కా చెమటకు తడిచి ఉంది. కొంగుతో తల తుడిచాను. ఈసారి సిగ్గుపడలేదు. నా ప్రాణం కుదుటపడింది.

చందూలాల్ స్టీరింగు మీద చేతులు పెట్టి అలాగే కూర్చున్నాడు. ఇంజను కొట్టుకుంటోంది. ఎందుకు పోవడం లేదో ముందు అర్థం కాలేదు. తర్వాత తట్టింది. అలవాటు కొద్దీ దెబ్బల కోసం చూస్తున్నాడు.

"అందరం లోపలనే ఉన్నం తమ్మీ, పోనీ" అనబోయాను.

వెనక రేకు మీద... దబ్. దబ్.

బండి కదిలింది.

ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. వెనక తలుపు అద్దంలోంచి ఖాళీ మెట్టు కనబడుతోంది. దాని వెనక నల్లటి రోడ్డు. అంతే.

"ఎవరన్న వేలాడుతున్నరా వెనక?" అన్నాడు చందూలాల్, తల తిప్పకుండా.

"ఎవ్వరు లేరు" అన్నాడు ఆదినారాయణ.

చందూలాల్ వేగం పెంచాడు. వాన మొదలైంది. రెండు వైపులా టేకు చెట్లు, వాటి పెద్దాకుల మీద చినుకులు పడుతుంటే ఎవరో దూరంగా తప్పెట కొడుతున్నట్టు ఉంది. కుళ్లిన ఆకుల వాసన, డీజిలు వాసన, మా ఒంటి మీద బొగ్గు వాసన. ఇంకొక వాసన కూడా వచ్చింది. రవీందర్ మీదుగా టిప్పరు పోయిన పొద్దున వచ్చిన వాసనే. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను. నాగక్క కూడా పెట్టుకుంది. ఆమెకూ వచ్చిందన్న మాట.

వాగుకు ముందు ఒక ఎత్తు ఉంది. వానాకాలంలో ఆ ముసలి బండి దాన్ని ఒక్క ఊపున ఎక్కదు. సగంలో ఆగుతుంది. మగవాళ్లు దిగి వెనక చక్రం కింద రాయి ఆనిస్తారు. చందూలాల్ ఇంజను గట్టిగా తిప్పుతాడు, రాయి తీసేస్తారు, ఎక్కుతారు, రేకు కొడతారు. రోజూ జరిగేదే. ఆ సాయంత్రం కూడా బండి సగంలోనే ఆగింది.

"రాయి పెట్టాలె" అన్నాడు చందూలాల్.

షాలేమ్‌రాజు లేవబోయాడు. వాడి చేయి పట్టుకున్నాను, గోళ్లు దిగేలా పట్టుకున్నాను. ఆదినారాయణ నా వైపు చూశాడు. ఏమనుకున్నాడో, "నేను పోత తియ్ బిడ్డా" అని టార్చి తీసుకుని దిగాడు. ఆ ముసలాయన దిగుతుంటే నాకు సంతోషం వేసింది. నా కొడుకు కాదు కదా అని. తల్లి మనసు బంగారం అంటారు గానీ, అంత బంగారమేం కాదు.

రాయి పెట్టిన చప్పుడు వినబడింది. ఇంజను గొంతు పెరిగింది. ఆదినారాయణ వెనక చక్రం దగ్గర వంగి ఉన్నాడు. టార్చి వెలుగు నేల మీద ఊగుతోంది. రాయి లాగుతున్నాడు.

"ఆగు! నేను చెప్పినంక!" అని అరిచాడు.

దబ్, దబ్.

"వద్దు!" అని నేను అరిచాను. చందూలాల్ కూడా వద్దనే అరిచాడు. కానీ అతని కాలు తొక్కేసింది. బండి ముందుకు ఎగిరింది, ఇంజను ఆగిపోయింది, బండి వెనక్కి జారింది. కింద ఏదో ఎత్తు ఎక్కి దిగినట్టు అయింది. ఎండు కొమ్మల మోపు మీద కాలేస్తే వచ్చే చప్పుడు వచ్చింది. టార్చి ఆరిపోయింది.

దిగి చూశాం. చక్రం ఆయన కుడి చేతి మీద నుంచి భుజం దాకా పోయింది. చేయి చేయిలా లేదు. ఎముకలు తోలును చీల్చుకుని బయటికి వచ్చాయి. ఆయన కేకలు పెట్టడం లేదు, నోరు తెరిచి మూస్తున్నాడు. వాన నీళ్లు నోట్లోకి పోతున్నాయి. నాగక్క తన చీర కొంగు చింపి భుజం దగ్గర బిగించింది. ఆ కొంగు చూస్తుండగానే తడిచిపోయింది.

చందూలాల్ బండి దిగి దూరంగా నిలబడ్డాడు. చెంపలు వాయించుకుంటున్నాడు.

"నేను తొక్కలే అక్కా. నా కాలు తొక్కింది. నేను లాగుతున్న... లాగుతుంటే అది రాలే..."

"ఏడుపు తర్వాత. పెద్దాయనను దవాఖానాకు తీసుకపోవాలె. జల్దీ!" అంది నాగక్క.

ఫోన్లకు అక్కడ సిగ్నలు ఉండదు. అంబులెన్సు పిలవాలన్నా వాగు దాటి గదుల దాకా పోవాల్సిందే. వెనక్కి పోదామంటే క్రాస్ రోడ్డు అంతకన్నా దూరం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బండి వదిలి నడిస్తే ఆయన నెత్తురంతా పోయి చస్తాడు.

"నేను ఆ సీట్ల కూసోను" అన్నాడు చందూలాల్. "నా కాలు నాది కాదిప్పుడు. ఇంకెవరన్న నడపండి."

నడపడం వచ్చినవాడు ఇంకొక్కడే ఉన్నాడు. మా ఊళ్లో ట్రాక్టరు నడిపేవాడు నా కొడుకు. వాడు నా వైపు చూశాడు. నేను వద్దు అని చెప్పాల్సింది. కానీ ఆదినారాయణ నోరు తెరిచి మూస్తూనే ఉన్నాడు. వాడి బదులు దిగిన మనిషి ఆయన. నాకు వద్దనే నోరు రాలేదు. పైగా బుద్ధితక్కువగా ఒక ఊరట కూడా కలిగింది. బండికి వెనక ఉన్నవాళ్లకే గదా కీడు, నా కొడుకు ముందు ఉంటాడు, నేను పక్కనే ఉంటాను అనుకున్నాను.

షాలేమ్‌రాజు వైర్లు కలిపాడు. ఇంజను అందుకుంది. వాడు చేతి బ్రేకు లాగి పట్టుకున్నాడు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. కాళ్ల దగ్గర జాకీ రాడ్డు దొర్లుతోంది. వెనక సువర్ణ లోపలి నుంచి ఆదినారాయణ చంకల కింద పట్టి లాగుతోంది, నాగక్క నడుము పట్టుకుని మెట్టు మీద నుంచి తోస్తోంది. చందూలాల్ రోడ్డు మీద నిలబడి కాళ్లు ఎత్తుతున్నాడు.

"తొక్కకు నాయనా" అన్నాను. "నేను చెప్పేదాక తొక్కకు."

"తొక్కనమ్మా."

"దేనికీ తొక్కకు."

"తొక్కనే అమ్మా..."

ఆదినారాయణ లోపలికి జారాడు. నాగక్క ఆయన మీదుగా దొర్లి లోపల పడింది. చందూలాల్ ఒక కాలు మెట్టు మీద పెట్టాడు. రెండో కాలు రోడ్డు మీదే ఉంది. నేను వెనక్కి తిరిగి చూస్తున్నాను. అతని రెండు చేతులూ తలుపుకు ఉన్నాయి. సువర్ణ చేతులు, నాగక్క చేతులు నెత్తురులో ఉన్నాయి.

దబ్... దబ్.

షాలేమ్‌రాజు కాలు దిగింది.

బండి ఎత్తు మీదికి ఒక్క ఊపున ఎక్కేసింది. ఎన్నడూ ఎక్కనిది, ఏదో తోసినట్టు ఎక్కేసింది. చందూలాల్ మెట్టు మీద నుంచి జారాడు. కానీ పడలేదు. అతని తువ్వాలు మెడకు చుట్టి ఉంది, దాని కొస తలుపు గొళ్లేనికి పట్టింది. ఎత్తు దిగుతుంటే అతని వీపు రోడ్డు మీద కొట్టుకుంటున్న చప్పుడు, కంకర గీరుకుంటున్న చప్పుడు వినబడుతున్నాయి. సువర్ణ ఆ ముడి విప్పడానికి చేతులు పెట్టింది. తడి ముడి బిగుసుకుపోయింది.

"ఆపు! ఆపరా!" అని నాగక్క గొంతు చించుకుంది.

"అమ్మా, కాలు రాట్లేదు!"

దబ్, దబ్. మళ్లీ దబ్, దబ్. ఇక ఆగలేదు. బండి వెనకా, పక్కలా, టాపు మీదా... ఎంతోమంది ఎక్కేసి, పోనీ పోనీ అంటున్నట్టు... దబ్, దబ్. దబ్, దబ్. ప్రతి దెబ్బకూ నా కొడుకు కాలు ఇంకాస్త దిగుతోంది. వాడు రెండు చేతులతో తన మోకాలు పట్టుకుని పైకి లాక్కుంటున్నాడు. స్టీరింగు నేను పట్టుకున్నాను. గేరు కర్ర లాగాను, లొంగలేదు. తిప్పడానికి తాళం లేదు. వైర్లు పీకాను, చేతికి షాకు కొట్టింది గానీ ఇంజను ఆగలేదు. ముందు దీపాల వెలుగులో వాగు కనబడింది. వాగు దాటే చప్టా రోడ్డు కనబడలేదు. చప్టా మీదుగా ఎర్రనీళ్లు పారుతున్నాయి.

కిందికి వంగి జాకీ రాడ్డు అందుకున్నాను.

"అమ్మా?" అన్నాడు వాడు.

కొట్టాను. మొదటి దెబ్బ చీలమండ మీద పడింది. వాడు అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కాలు లేవలేదు. ఇంకోటి కొట్టాను. ఎముక విరిగింది, నా చేతికి తెలిసింది. పాదం పక్కకు తిరిగిపోయింది. అయినా ఎక్సలేటరు మీదే అతుక్కుని ఉంది. చిన్నప్పుడు ఆ పాదానికే నూనె రాసి, సాగదీసి, ముద్దులు పెట్టుకున్నాను. దాన్నే ఆ రాడ్డుతో చావగొట్టాను. చెప్పు, తోలు, మాంసం, అన్నీ ఒకటయ్యేదాకా కొట్టాను. నా మొహం మీద వేడిగా చిందింది. ప్రభువా అంటున్నానో, పోనీ అంటున్నానో నాకు తెలియదు. చివరికి ఆ పాదం ఊడినట్టు జారింది. బండి పక్కకు తిరిగి ఒక మద్దిచెట్టుకు గుద్దుకుని ఆగింది. ముందు చక్రం నీళ్లలో ఉంది.

దెబ్బలు ఆగిపోయాయి. వాన చప్పుడు, వాగు చప్పుడు మాత్రమే మిగిలాయి.

చందూలాల్ తలుపుకు వేలాడుతూనే ఉన్నాడు. అతని వీపు వైపు చొక్కా లేదు, తోలు లేదు. మొహం మాత్రం చెక్కుచెదరలేదు. నోరు కొంచెం తెరుచుకుని, ఏదో చెప్పబోతున్నట్టు ఉంది. నాగక్క గొళ్లెం విరగ్గొట్టి అతన్ని కిందికి దించింది. తర్వాత నడుముకు తాడు కట్టుకుని వాగు దాటి మనుషులను పిలుచుకొచ్చింది. ఆ ఆడమనిషి లేకపోతే మాలో ఎవరూ మిగిలేవాళ్లం కాదు.

ఆదినారాయణ బతికాడు, చేయి తీసేశారు. నా కొడుకు బతికాడు, పాదం తీసేశారు. బ్రేకులు ఫెయిలయ్యాయని రాసుకున్నారు పోలీసులు. నేను రాడ్డుతో కొట్టానని చెబితే రాసుకునే ఆయన నన్ను జాలిగా చూసి, "అమ్మా, నువ్వు షాకుల ఉన్నవ్, నీళ్లు తాగు" అన్నాడు. డాక్టరు మాత్రం నాతో కళ్లు కలపలేదు.

దవాఖానాలో ఒక మధ్యాహ్నం షాలేమ్‌రాజుకు పప్పన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టాను. వాడు నా కుడి చేతిని చూసి తల వెనక్కి లాక్కున్నాడు.

"ఏంది నాయనా? కొట్టినందుకు కోపమా?"

"కాదమ్మా. నువ్వు కొట్టకపోతే నేను లేను." కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "ఒక స్పూను తెప్పియ్యి. నేనే తింట."

"నా చేత్తో తింటే ఏమయితది?"

"నువ్వు రాడ్డు కొట్టేటప్పుడు అద్దంల ఎనకకు చూసిన" అన్నాడు వాడు, గోడ వైపు తిరిగి. ఏం చూశావని ఎంత బతిమాలినా చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఇప్పటికీ నా చేతి ముద్ద తినడు.

వాడిని గదికి తెచ్చుకున్నాక పొయ్యి వెలగాలంటే నేను మళ్లీ పనికి పోవాల్సిందే. ఊరి బస్సు టైము మారలేదు. తెల్ల బస్సు మమ్మల్ని ఎక్కించుకోలేదు. జగదీష్ అని ఇంకో పిల్లవాడు పాత ట్రాక్సు ఒకటి కొని మా దారిలో తిప్పడం మొదలుపెట్టాడు. చందూలాల్ బండి కాదు, రంగు వేరు, సీట్లు వేరు. ఎక్కే ముందు నేను దాని నాలుగు వైపులా తిరిగి చూసి, ప్రార్థన చేసుకుని మరీ ఎక్కాను. ముందు సీటు అడిగి కూర్చున్నాను. నాగక్క, సువర్ణ వెనక ఎదురెదురుగా కూర్చున్నారు. కథ ఊరందరికీ తెలుసు కాబట్టి వెనక మెట్టు మీద ఎవరూ నిలబడలేదు. మగవాళ్లు కూడా లోపలే ఇరుక్కున్నారు.

జగదీష్ ఇంజను నడిపించి కూర్చున్నాడు. అద్దాల్లో అతనికి మా తలలే కనబడుతున్నాయి.

"అందరు ఎక్కినరా? ఎవరన్న రేకు కొట్టుండ్రి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"ఎనక ఎవరున్నరో నాకు కనపడదు. కొట్టకపోతే నేను తియ్య. ఆ చందూలాల్ కత నాకొద్దు."

తలుపు దగ్గర కూర్చున్నవాళ్లు చేతులు ఒళ్లో దాచుకున్నారు. గేటు దగ్గర మిషను గుర్తుకొచ్చింది నాకు. అప్పటికే ఆలస్యమైంది. ఇంకోసారి ఆలస్యమైతే పాసు పోతుంది. గదిలో పాదం లేని కొడుకు ఉన్నాడు. చినుకులు మొదలయ్యాయి. సువర్ణ పెదాలు కొరుక్కుంటోంది. అందరం ఒకటే కోరుకుంటున్నామని నాకు తెలుసు. దేవుడు నన్ను క్షమించాలి. అది రావాలని కోరుకున్నాను. ఒక్కసారి, ఈ ఒక్క పొద్దుకు వస్తే చాలనుకున్నాను.

దబ్, దబ్.

జగదీష్ బండి తీశాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అడవిలోకి వచ్చాక నా కుడి చేయి మండుతుంటే ఒళ్లోంచి తీసి చూసుకున్నాను. అరచేయంతా ఎర్రగా కంది, గీతల నిండా రేకు తుప్పు అంటుకుని ఉంది. ముందు సీట్లో ఉన్నదాన్ని, వెనక రేకును నేనెప్పుడు ముట్టుకున్నాను? తల తిప్పి నాగక్కను అడుగుదామనుకున్నాను. నాగక్క తన అరచేతిని చీరకు తుడుచుకుంటోంది. సువర్ణ చున్నీకి తుడుచుకుంటోంది. మగవాళ్లు ప్యాంట్లకు తుడుచుకుంటున్నారు. నేను కూడా కొంగుకు తుడుచుకున్నాను. గేటు దగ్గర అందరం టైముకే దిగాం.